ఇంటిపేరు లేని జాబితా

మన కోస్తా పల్లెల్లో కొత్త మనిషి కనబడితే అడిగే ప్రశ్నలు రెండే. ‘ఏ ఊరండీ తమరిది?’ అన్నది మొదటిది. ‘ఇంటిపేరేమిటండీ?’ అన్నది రెండవది. ఈ రెంటికీ జవాబు చెప్పగలిగితే చాలు, మూడో మాటకల్లా ఏదో ఒక చుట్టరికం తేలుతుంది. పూర్వీకుల ఊరు చూడాలన్న ఆశతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ప్రయాణం కట్టే తెలుగు సంతతి మనిషి దగ్గర మొదటి ప్రశ్నకు సగం జవాబే ఉంటుంది. రెండవదానికి తరచు ఏమీ ఉండదు. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఓడల నాటి జాబితాలు తిరగేయాలి.

1860 అక్టోబరు 12న మద్రాసు రేవు విడిచిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న నేటాల్ తీరం చేరింది. చెరకుతోటల పనికి ఒప్పందం మీద కూలీలను అక్కడికి చేర్చిన మొదటి ఓడ అదే. అది మొదలు 1911 వరకు అలా వెళ్ళినవారు 1,52,184 మంది. అందులో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. తమిళులతో పాటు ఉత్తర సర్కారు జిల్లాల నుంచీ, ఉత్తర ఆర్కాటు నుంచీ వెళ్ళిన తెలుగువారూ వారిలో ఉన్నారు. ఒప్పందం గడువు అయిదేళ్ళు. గడువు తీరాక తిరిగి రాకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా స్వతంత్రంగా ఉండదలచిన వారిపై 1895లో ఏటా మూడు పౌన్ల పన్ను వేశారు. గాంధీ నాయకత్వాన 1913లో సాగిన సమ్మె తరువాతనే, 1914లో అది రద్దయింది. ఇన్ని ఒత్తిళ్ళ మధ్య కూడా అక్కడే వేళ్ళూనినవారి మునిమనుమలే నేడు మన ఊళ్ళ పేర్లు వెతుకుతున్నవారు.

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరన ఒంటిమీది పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు రాసుకున్నారు. చరిత్ర కోసం రాసిన రాతలు కావవి. తోట యజమానికి అప్పగించే మనిషిని ఆనవాలు పట్టడానికి రాసుకున్న లెక్కలు. అందులో ఇంటిపేరుకు గడి లేదు. ఆ ఓడ దిగిన వ్యక్తి పేరో, నాయుడు, రెడ్డి వంటి కులసూచకమో తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. మనం పెళ్ళి సంబంధానికి ముందు అడిగి తెలుసుకునే అసలు ఇంటిపేరు చాలా కుటుంబాల్లో ఒకటి రెండు తరాలలోనే మాసిపోయింది.

ఇక మిగిలింది ఊరు. ఆ ఊరి పేరును మద్రాసులో గుమస్తా తన చెవికి వినిపించినట్లు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ లిపిలో త, ట ల తేడా నిలవదు, ల, ళ ల తేడా నిలవదు. కాకినాడ ‘కొకనాడ’ అయిన కాలమది, శ్రీకాకుళం ‘చికాకోల్’ అయిన కాలమది. పట్నాలకే ఆ గతి పడితే పల్లెల సంగతి చెప్పనక్కరలేదు. పైగా కొత్తపల్లి, వెంకటాపురం, రామాపురం వంటి పేర్లు మనకు జిల్లాకు కొన్ని చొప్పున ఉన్నాయి.

జిల్లా పేరు ఆధారంగా వెతుకుదామంటే అదీ నిలకడగా లేదు. ‘గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా’ అన్న రాత చేతబట్టుకొని నేటి పటం చూసేవాడు ఒడిశాకు టిక్కెట్టు కొంటాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరిందనీ, 1950లో వేరే జిల్లా అయిందనీ అతనికి ఎవరు చెప్పాలి? ‘ఉత్తర ఆర్కాటు’ అన్న రాత గలవాడు తమిళనాడు వైపు చూస్తాడు. ఆ పేరుతో నేడు జిల్లాయే లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, తిరుపతి ఆ జిల్లాలోవే. ఆ తరువాత 1985లో మన తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊరు కదలకుండానే దాని చిరునామా నాలుగు మార్లు మారింది.

ఈ వెతుకులాట ఇంత ఆలస్యం కావడానికి ఇంకొక కారణమూ ఉంది. వర్ణవివక్షకు నిరసనగా భారతదేశం 1946లో దక్షిణాఫ్రికాతో వ్యాపార సంబంధాలు తెంచుకొంది. మన పాస్‌పోర్టుల మీద ఆ దేశానికి చెల్లదన్న ముద్ర దశాబ్దాలపాటు ఉండేది. ఆ నిర్ణయం న్యాయమైనదే. కాని ఉత్తరాలతో, రాకపోకలతో నిలబడవలసిన చుట్టరికాలకు అవి కరవుకాలపు ఏళ్ళు. 1993 నవంబరులో దౌత్య సంబంధాలు తిరిగి మొదలయ్యేనాటికి, అటు ఊరి పేరు గుర్తున్న ముసలివారూ, ఇటు ‘మా చిన్నతాత ఓడెక్కి పోయాడు’ అని చెప్పగల ముసలివారూ చాలావరకు దాటిపోయారు. 1931 నుంచి పనిచేస్తున్న అక్కడి ఆంధ్ర మహాసభ భాషనూ పండుగలనూ కాపాడుకుంటూ వచ్చింది. కాని ఏ తాతది ఏ ఊరో ఏ సభ మాత్రం చెప్పగలదు?

నాకు వింతగా తోచేది ఇది. మనిషిని సరుకుగా లెక్కించడానికి రాసిన ఆ ఒక్క వరుసే నేడు అతని వారసులకు దారి చూపే ఏకైక దీపం. ఇక్కడే ఉండిపోయిన మనలో ఎంతమందిమి 1870 నాటి మన ముత్తాత తండ్రి పేరూ, వయస్సూ, ఒంటిమీది మచ్చా చెప్పగలం? కాగితం వారి దగ్గర ఉంది. దాన్ని చదవడానికి కావలసిన తెలివిడి మన దగ్గర ఉంది. ఆ రెండూ కలిసేదాకా ఆ ప్రయాణం విమానం టిక్కెట్టు దగ్గరే ఆగిపోతుంది.

రెండు శతాబ్దాల క్రితమే మెకంజీ తన తెలుగు సహాయకులతో ఊరూరి కైఫీయతులు రాయించాడు. మనం అంత శ్రమ పడనక్కరలేదు. ఎవరి ఊరి గురించి వారు రాసేటప్పుడు మూడు ముక్కలు అదనంగా చేరిస్తే చాలు. ఊరికి పాతపేరేదైనా ఉంటే అది, అది ఉండిన పాత తాలూకా, పాత జిల్లా. ఏనాడో ఒకనాడు డర్బన్‌లో ఒక మనుమరాలు ఆ పేరు కోసం వెతికినప్పుడు, ‘ఏ ఊరండీ?’ అన్న ప్రశ్నకు ఆమె చేతికి పూర్తి జవాబు దొరుకుతుంది. ఇంటిపేరు సంగతి, ఊరు చేరాక పెద్దలు చూసుకుంటారు.