గోడ మీది నవ్వులు: పాత సినిమా పోస్టర్ల ముచ్చట

వేములవాడ శివరాత్రి జాతరకు వచ్చిన మన తరం వారికి రాజన్న దర్శనంతో పాటు గోడల మీది సినిమా పోస్టర్లు కూడా గుర్తుండే ఉంటాయి. రిక్షాకు రెండు వైపులా బొమ్మలు కట్టి, మైకులో ఆట వేళలు చెబుతూ, రంగు కరపత్రాలు పంచుతూ పోతుంటే పిల్లలం వెంట పరుగెత్తేవాళ్ళం. సినిమా మారిందంటే పాత పోస్టరు మీదే గంజి పూసి కొత్తది అంటించేవారు. అందుకే నాడు ఊరూరా కనిపించిన కాగితం నేడు వెతికినా దొరకడం లేదు.

చదువు రాని వారికి పోస్టరే పత్రిక. హాస్య చిత్రమైతే రేలంగి ముఖమో సూర్యకాంతం చూపో కనిపిస్తే చాలు, జనం కదిలేవారు. ‘మిస్సమ్మ’ (1955), ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959), ‘గుండమ్మ కథ’ (1962) మొదలుకొని జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984), ‘అహ నా పెళ్ళంట’ (1987) దాకా మన నవ్వుల చరిత్ర గోడల మీద కూడా నడిచింది. బాపు ‘సాక్షి’ (1967)తో పోస్టర్ల రూపకల్పన మొదలుపెట్టిన ఈశ్వర్ తమ అనుభవాలను ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథంగా వ్రాశారు. ఆయన 2021లో కన్నుమూశారు.

ఫ్రాన్సులో జాక్ తాతి అనే హాస్య దర్శకుడుండేవాడు. మాటలు తక్కువ, నవ్వులు ఎక్కువ. ఆయన ‘మోనాంకిల్’ (1958)కు ఆస్కార్ వచ్చింది. దాని పోస్టరు గీసిన పియెర్ ఎతే తరువాత తానే హాస్య చిత్రాల దర్శకుడైనాడు. తొలి విడుదల నాటి ఆ పోస్టర్లను అక్కడివారు అపురూపంగా సేకరిస్తారు. మన ఇళ్ళలో అలాంటివి పాత సామాన్ల వానికి తూకానికి పోయాయి.

ఇంతకీ పాత కాగితానికి అంత విలువేమిటి? మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని చాలా ఏళ్ళు నమ్మాము. పాత్రికేయులు రెంటాల జయదేవ నాటి పత్రికా ప్రకటనలు, సెన్సారు వివరాలు గాలించి, విడుదల తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సినిమా పోయినా కాగితం సాక్ష్యం చెప్పింది. మన కరీంనగర్‌లో 1909లో పుట్టి, 1980 సంవత్సరపు ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ మూకీల్లోనే నటన మొదలుపెట్టారు. దేశంలో మూకీలు చాలా మటుకు నశించాయి. వాటి కథ చెప్పగలిగేవి ఇలాంటి కాగితాలే.

కనుక మిత్రులకు ఒక మనవి. ఇల్లు సర్దేటప్పుడు పాత పోస్టరు, పాటల పుస్తకం, కరపత్రం దొరికితే పారవేయకండి. అడుగు అంచున ప్రెస్సు పేరుందేమో చూడండి. అసలుదీ నకలుదీ తేల్చడానికి అదొక ఆనవాలు. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. మడతలు విప్పి, చదునుగా, తేమ తగలని చోట ఉంచండి. ఏ ఊళ్ళో, ఏ ఏడు చూశారో విడి చీటీ మీద వ్రాసి జతచేయండి. పుణెలో 1964లో వెలసిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలతో పాటు పోస్టర్లనూ భద్రపరుస్తున్నది.

మనకు దగ్గరలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో చెక్కించిన తెలుగు కంద పద్యాలు నేటికీ ఉన్నాయి. అవి రాతి మీదివి కనుక నిలిచాయి. కాగితం మీదివి నిలవాలంటే మన చేతులే దిక్కు.