ఏ జన్యువు ఎక్కడ పనిచేయాలి: పండ్ల ఈగలో ఎన్‌హాన్సర్ల చరిత్ర

పండ్ల ఈగ దేహంలో రెక్క కణంలో ఉన్న డీఎన్‌ఏనే కంటి కణంలోనూ ఉంటుంది. అయినా ఒక్కో కణజాలంలో వేర్వేరు జన్యువులు పనిచేస్తాయి. ఈ తేడాకు మూలం జన్యువుల పక్కనున్న డీఎన్‌ఏలో ఉందని తేలడానికి చాలా కాలం పట్టింది.

1915లో కొలంబియా విశ్వవిద్యాలయంలో, జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ బృందంలోని కాల్విన్ బ్రిడ్జెస్‌కు ఒక వింత ఈగ కనబడింది. రెక్కల వెనక ఉంటూ ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గుండీల్లాంటి అవయవాలు దానిలో కొంతమేర రెక్కలుగా మారాయి. బైథోరాక్స్ అనే ఈ మార్పునూ, దాని చుట్టుపక్కల మార్పులనూ కాల్టెక్‌లో ఎడ్వర్డ్ లూయిస్ దశాబ్దాలపాటు శోధించాడు. దేహంలోని ఒక్కో ఖండానికి ఒక్కో జన్యువు ఉంటుందని 1978లో ప్రతిపాదించాడు. తీరా చూస్తే అక్కడ దేహఖండాల రూపాన్ని నిర్ణయించే జన్యువులు మూడే. లూయిస్ జన్యువులనుకున్న వాటిలో చాలా భాగం ఆ మూడింటినీ ఎక్కడ పనిచేయించాలో నిర్ణయించే డీఎన్‌ఏ. అంచనా తప్పినా, ఆ మార్పుల స్థానాలు చూపుతూ ఆయన గీసిన పటం మాత్రం చెక్కుచెదరలేదు.

జన్యువుకు దూరంగా ఉన్నా దాని పనిని పెంచే ఎన్‌హాన్సర్ తొలిసారి 1981లో ఎస్‌వీ40 అనే వైరస్‌లో బయటపడింది. అలాంటివి ఈగలో ఉన్నాయేమో పరీక్షించాలంటే డీఎన్‌ఏ ముక్కను బతికున్న ఈగలోకి ఎక్కించాలి. 1982లో అలన్ స్ప్రాడ్లింగ్, జెరాల్డ్ రూబిన్ ఆ దారి చూపారు. అప్పుడే పెట్టిన గుడ్డు వెనక కొనలో, బీజకణాలు ఏర్పడకముందే, సన్నని గాజు సూదితో, రోజీ అనే జన్యువును మోసే పీ-ఎలిమెంట్ అనే చలన డీఎన్‌ఏను ఎక్కించారు. ఆ జన్యువు లోపించి కళ్లు గోధుమ రంగుకు తిరిగిన ఈగల సంతానంలో మళ్లీ ఎర్రకళ్లు కనిపించాయి.

దీంతో ప్రయోగాలు జోరందుకున్నాయి. పచ్చసొన ప్రోటీన్లను వయసొచ్చిన ఆడ ఈగలోని కొవ్వు కణజాలం, అండాశయం తయారుచేస్తాయి. మగ ఈగలోనూ ఆ జన్యువులున్నాయి కానీ పనిచేయవు. 1985-86లో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో పీటర్ వెన్సింక్ బృందం ఆ జన్యువుల మధ్యనున్న డీఎన్‌ఏను ముక్కలు చేసి చూసింది. కొవ్వు కణజాలానికి ఒక ముక్క, అండాశయానికి వేరే ముక్కలు తేలాయి. మొదటిది 125 బేస్ జతలే. తర్వాతి పరిశోధనల్లో, దాని మీద డబుల్‌సెక్స్ ప్రోటీన్ కూర్చుంటుందని తెలిసింది. ఆ ప్రోటీన్ మగ రూపం జన్యువును అణచివేస్తుంది, ఆడ రూపం ప్రోత్సహిస్తుంది.

ఈవెన్-స్కిప్‌డ్ జన్యువు కథ ఇంకా సొగసైనది. పిండంలో అది ఏడు చారలుగా వ్యక్తమవుతుంది. రెండో చారకు 480 బేస్ జతల ముక్క చాలునని 1992లో మైఖేల్ లెవీన్ బృందం నిరూపించింది. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు జన్యువుతో పని మొదలుపెట్టిస్తాయి. చారకు ముందు హద్దును జెయింట్, వెనక హద్దును క్రూపెల్ గీస్తాయి.

ఈలోగా 1987లో కహిర్ ఓకేన్, వాల్టర్ గేరింగ్ వెతుకులాటను తలకిందులు చేశారు. ముక్కను ముందే ఎంచుకోకుండా, పనిచేసిన చోట నీలి రంగునిచ్చే ఒక సూచక జన్యువును ఈగ డీఎన్‌ఏలో ఎక్కడపడితే అక్కడ చొప్పించారు. ఏ కణజాలం నీలి రంగుకు తిరిగితే దాని ఎన్‌హాన్సర్ పక్కనే ఉన్నట్టు లెక్క. 1993లో ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమాన్ దీనికి ఈస్టులోని గాల్4 ప్రోటీన్‌ను జోడించారు. నచ్చిన జన్యువును ఎంచుకున్న కణాల్లోనే పనిచేయించడం అప్పటినుంచి సాధ్యమైంది. ఈగ మెదడులో ఒక్కో రకం నాడీకణాన్ని వేరుచేసి చూపే వేలాది ఈగ వంశాలను జెనీలియా పరిశోధన కేంద్రం తయారుచేసింది గాల్4 ఆధారంగానే.