షబానా ఆజ్మీ

షబానా ఆజ్మీ (జననం: 1950 సెప్టెంబర్ 18, హైదరాబాద్) హిందీ సమాంతర సినిమా ప్రముఖ నటి. రంగస్థలం, టెలివిజన్‌లలోనూ పనిచేశారు. తండ్రి ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ. తల్లి షౌకత్ కైఫీ హైదరాబాదీ. ఆమె ఇప్టా నాటక సంఘం, పృథ్వీ థియేటర్ల నటి. షబానా పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు.

తొలి చిత్రం విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ముందు ఒప్పుకున్నది ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 'ఫాస్లా' అయినా, ముందు తెర మీదికొచ్చింది శ్యామ్ బెనగల్ 'అంకుర్' (1974). దాన్నే తొలి చిత్రంగా లెక్కించడం సబబు. అందులోని లక్ష్మి పాత్రకు మొదట వహీదా రెహమాన్‌ను, శారదను కూడా అడిగారని అంటారు. హైదరాబాద్ దగ్గరి పల్లెలో, దక్కనీ యాసలో తీసిన ఆ సినిమా చివర, లక్ష్మి భర్త, మూగవాడైన కిష్టయ్యను దొరబిడ్డ కొరడాతో కొడతాడు. అంతదాకా అణిగిమణిగి ఉన్న లక్ష్మి ఆ దొరబిడ్డను నోరారా తిట్టిపోస్తుంది. ఈ పాత్రకు షబానాకు జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాత 'అర్థ్', 'ఖండహర్', 'పార్', 'గాడ్‌మదర్' చిత్రాలకూ అదే పురస్కారం దక్కింది.

తెలుగు నేలతో ఆమె అనుబంధం 'అంకుర్'తో ఆగలేదు. పోచంపల్లి నేతగాళ్ల బతుకు మీద బెనగల్ తీసిన 'సుస్మన్' (1987, కొన్ని జాబితాల్లో 1986)లో ఓంపురి రాములు, ఆమె గౌరమ్మ. తెలుగు నేల మీదే సాగే మహేశ్ దత్తానీ ఇంగ్లిష్ చిత్రం 'మార్నింగ్ రాగా' (2004)లో పాట మానేసిన కర్ణాటక సంగీత గాయనిగా నటించారు. స్వతంత్ర చిత్రాల్లో ఎక్కువ చర్చకు వచ్చింది మాత్రం దీపా మెహతా 'ఫైర్' (1996).

సినిమా పేరు ముందు ఆమె నాటకాలకు రావలసినంత గుర్తింపు రాలేదు. 'తుమ్హారీ అమృత' (1992) అమెరికన్ నాటక రచయిత గర్నీ రాసిన 'లవ్ లెటర్స్'కు జావేద్ సిద్దీఖీ ఉర్దూ అనుసరణ. దర్శకుడు ఫిరోజ్ అబ్బాస్ ఖాన్. ఇందులో ఇద్దరు నటులు కూర్చుని ఉత్తరాలు చదువుతారు, అంతే. లేచి తిరగడం లేదు, సెట్టు మార్పులు లేవు. చిన్ననాటి చనువు నుంచి నడివయసు అలసట దాకా మొత్తం గొంతులోనే పలకాలి. జుల్ఫీగా ఫారూఖ్ షేక్, అమృతగా ఈమె, 2013లో ఆయన మరణించేదాకా దీన్ని ఆడుతూనే వచ్చారు.

గిరీశ్ కర్నాడ్ 'బ్రోకెన్ ఇమేజెస్'ను అలెక్ పదమ్‌సీ దర్శకత్వంలో ఆడడం ఇంకా కష్టమైన పని. టీవీ స్టూడియోలో రచయిత్రి మంజులను తెర మీది తన బొమ్మే నిలదీస్తుంది. ఆ బొమ్మ ముందే చిత్రీకరించినది. వేదిక మీది నటి ఒక్క క్షణం ఆలస్యం చేసినా అది ఆగదు.

టెలివిజన్ పాత్రలు చాలావరకు ఆలస్యంగా వచ్చినవే: బీబీసీ 'క్యాపిటల్' (2015)లో మిసెస్ కమాల్, 'ది ఎంపైర్' (2021)లో బాబర్ అమ్మమ్మ, 'హేలో' (2022)లో అడ్మిరల్ పరంగోస్కీ.