చేతులు మారిన మోటారు కారు

సంతలో ఎద్దును కొనే రైతు ముందు దాని పళ్ళు చూస్తాడు. తరువాత సుళ్ళు చూస్తాడు. ఆ పైన నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అమ్మేవాని మాట అన్నిటికంటె చివర వింటాడు. మన దేశములో పాత మోటారు కారు కొనే విద్య చాలవరకు ఈ సంత విద్యకు కొనసాగింపే. కొనదలచినవాడు ఒంటరిగా పోయేవాడు కాడు. నమ్మకమైన మేస్త్రిని వెంటబెట్టుకొని, తెల్లవారుజామున, ముందుగా కబురు చేయకుండా పోయేవాడు. ఇంజను అప్పటికి చల్లగా ఉండవలె. వేడెక్కిన ఇంజను తన రోగమును దాచుకోగలదు. రాత్రంతా చలిలో నిలిచిన ఇంజను దాచుకోలేదు.

సెల్ఫు కొట్టగానే మేస్త్రి కళ్ళు సైలెన్సరు మీద ఉండేవి. నీలిపొగ వచ్చినదా, ఇంజను నూనె తాగుతున్నది, రింగులు అరిగినవి. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువగా పోతున్నది. అది చిన్న జబ్బు. తెల్లపొగ ఎంతకూ ఆగకపోతే నీరు సిలిండరులోకి దిగుతున్నదన్నమాట. డిప్‌స్టిక్కు తీసి చూచినప్పుడు నూనె పాల టీ రంగులో కనిపిస్తే మేస్త్రి ఇక మాట్లాడకుండా చెప్పులు తొడుక్కొనేవాడు. లోపలి చాపలు ఎత్తి అడుగు రేకును వేలితో నొక్కి చూచేవారు. టైర్లు ఒక పక్కనే అరిగితే ముందు చక్రముల పొందిక చెడినదని గ్రహించేవారు. ‘ఇది మొదటి బోరా, రెండవదా?’ అన్నది తప్పని ప్రశ్న. అరిగిన సిలిండరును కోసి పెద్దది చేసి, దానికి తగిన పెద్ద పిస్టను వేయడమే బోరు. ఎన్నిసార్లు బోరు అయినదో తెలిస్తే కారుకు ఎంత ఆయువు మిగిలినదో తెలుస్తుంది. మైళ్ళ మీటరును మాత్రము ఎవరూ అంతగా పట్టించుకొనేవారు కారు. దానిని వెనుకకు తిప్పవచ్చునని చిన్నపిల్లలకు సైతము తెలుసును.

ఇంత జాగ్రత్త ఎందుకు కావలసి వచ్చినదో తెలియడానికి కొంత వెనుకకు పోవలె.

1920ల చివరినుండి అమెరికా కార్లు విడిభాగములుగా ఓడలలో వచ్చి, బొంబాయి వంటి రేవు పట్టణములలో బిగింపబడి మనకు చేరేవి. జనరల్ మోటార్సు 1928లో బొంబాయిలో కర్మాగారము పెట్టినది. ఫోర్డు వారు కూడ ఆ దశాబ్దములోనే వచ్చినారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పెట్రోలుకు రేషను వచ్చినది, స్పేరు భాగములు కరవైనవి. బొగ్గు గ్యాసుతో నడచిన బస్సులను గురించి శ్రోతలలో కొందరు పెద్దల నోట వినియుందురు. యుద్ధము ముగిసిన తరువాత మిగులు సైనిక వాహనములను అమ్మివేసినారు. సైన్యపు వర్కుషాపులలో పని నేర్చినవారు ఊళ్ళకు తిరిగివచ్చి చెట్లకింద షెడ్లు వేసుకొన్నారు. మన మేస్త్రుల వంశవృక్షములో ఇది ఒక పెద్ద కొమ్మ.

అసలు దెబ్బ 1953లో తగిలినది. విడిభాగములు తెచ్చి బిగించడముతో సరిపెట్టుకొనక, ఇక్కడనే తయారు చేసే ప్రణాళిక ఉన్న కంపెనీలే ఉండవలెనని టారిఫ్ కమిషను సిఫారసు చేసినది, ప్రభుత్వము అంగీకరించినది. జనరల్ మోటార్సు 1954లో తన బిగింపు పని ముగించినది, ఫోర్డు కూడ అదే కాలములో తప్పుకొన్నది. స్వదేశీ పరిశ్రమకు అది మంచి నిర్ణయమే కావచ్చు. కాని అప్పటికే రోడ్లమీద తిరుగుతున్న ఆ కంపెనీల కార్లు ఒక్కసారిగా అనాథలైనవి. గేరు చక్రము విరిగితే అడగడానికి ఏ దుకాణమూ లేదు. లేతు మిషను మీద తిప్పించుకొన్నవారున్నారు. పెట్రోలు ఇంజనును తీసి డీసెలు ఇంజను అమర్చుకొన్నవారున్నారు. చచ్చిన బండ్లు రెండు కొని బ్రతికియున్న ఒక్కదానిని పోషించుకొన్నవారును ఉన్నారు. ఆ కార్లు నాసిరకమువి కావు. ఇక్కడి కార్లకంటె గట్టివే. అయినను వాటి విశ్వసనీయత భాగములు దొరకనందున నశించినది. ఈ సంగతి పాత కార్ల చరిత్ర అంతటికీ తాళపుచెవి వంటిది.

తరువాత రంగములో ప్రధానముగా ముగ్గురు మిగిలినారు. కలకత్తా దగ్గర ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సు, బొంబాయి కుర్లాలో ప్రీమియరు, మద్రాసులో స్టాండర్డు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాతో 1957లో అంబాసిడరు మొదలైనది. ఇటలీ వారి ఫియట్ 1100 బొంబాయినుండి వచ్చినది. 1970లలో అదే పద్మిని అయినది. 1961లో స్టాండర్డు హెరాల్డు వచ్చినది. 1980 వరకు దేశము మొత్తము మీద ఏటా తయారైన కార్లు యాభై వేలకు లోపే. కొత్త కారు కావలెనంటే డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియుండవలె. పంపిణీని అదుపు చేయడానికి ప్రభుత్వము 1959లో ప్రత్యేకముగా ఉత్తర్వే చేయవలసి వచ్చినది. కొంచెమే వాడిన ఫియటును కొత్తదానికంటె ఎక్కువ ధరకు అమ్ముకొన్న రోజులవి. వాడిన వస్తువు కొత్తదానికంటె ప్రియమగుట వింత గదా! కాని వేచియుండనక్కరలేదనే సౌకర్యమునకు ధర అది.

ఎదురుచూచి తెచ్చుకొన్న కొత్త కారైనను తీరా ఇంటికి వచ్చిన తరువాత తలుపు సరిగా పడేది కాదు; వానకు నీరు కారేది. కొన్న వారమునకే షెడ్డు ముఖము చూచిన కార్లున్నవి. ఫిర్యాదులు పెరిగి పెరిగి, 1967లో కేంద్రప్రభుత్వము మోటారు కార్ల నాణ్యతను విచారించడానికి ఒక సంఘమునే నియమించినది. పోటీ లేనిచోట కొనేవాని గోడు వినడానికి ప్రభుత్వము తప్ప మరి దిక్కేమున్నది?

అయినను ఆ కార్లు ముప్పది, నలుబది ఏండ్లు నడచినవి. మా ఆలోచనలో దీనికి కారణము కర్మాగారములో లేదు. అంబాసిడరులో 1959లో అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇంచుమించు అట్లే మూడు దశాబ్దములకు పైగా సాగినది. మార్కు రెండు, మార్కు మూడు, మార్కు నాలుగు అని పేర్లు మారినవి, ముందరి జాలీ మారినది. లోపలి చాలా భాగములు మాత్రము ఇటుది అటు, అటుది ఇటు పట్టేవి. తండ్రి నేర్చిన పని కొడుకునకు పనికివచ్చినది. మద్రాసు పుదుప్పేటలో, కలకత్తా మల్లిక్ బజారులో విప్పిన కార్ల భాగములు కుప్పలుగా దొరికేవి. మన విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టేవారి పక్కనే బోరు వేసేవాడు, రేడియేటరు అతికేవాడు, స్ప్రింగు పట్టాలు సాగదీసేవాడు వరుసగా ఉంటారు. ఒకే వీధిలో చివరినుండి చివరికి నడిస్తే కారు మొత్తము విప్పి మరల కూర్చుకోవచ్చు. కొత్త నమూనా తేకపోవడము కంపెనీ సోమరితనమే. ఆ సోమరితనమే పాత కారు యజమానికి వరమైనది.

వరమన్నాము గాని, దానిలో విషము కూడ కలిసియున్నది. మా అనుభవమొకటి చెప్పవలె.

1970ల చివర మేమొక అంబాసిడరు కొన్నాము. మాకంటె ముందు ఇద్దరి చేతులు మారినది. మా మేస్త్రి చూచి, ‘ఇంజనుకు రెండవ బోరే, పరవాలేదు’ అన్నాడు. వేసవిలో కుటుంబమంతా శ్రీశైలము పోదలచి, ముందుగా బ్రేకులు బాగు చేయించినాము. మా మేస్త్రి ఊళ్ళో లేనందున వేరొక షెడ్డులో చేయించినాము. పోయేటప్పుడు ఏ చిక్కూ లేదు. తిరుగు ప్రయాణములో శిఖరము దాటి దిగుతుండగా కారు బరువెక్కినట్లు తోచినది. దిగుడులో సైతము వేగము రావడము లేదు. మొదట సంతోషించినాము, దేవుడు పట్టుకొని దింపుతున్నాడని. కొంతసేపటికి కాలిన వాసన వచ్చినది. ఆ తరువాత ఒక మలుపులో పెడలు మెత్తగా నేలకు అంటినది. వెనుక సీటులో పిల్లలు. చేతి బ్రేకు లాగి, గేరు తగ్గించి, కొండ పక్క మట్టిగట్టుకు ఒరిపించి ఆపినాము.

వెనుక వచ్చిన లారీ డ్రైవరు దిగి చూచి, చక్రము దగ్గర చేయి పెట్టి వెంటనే తీసివేసినాడు. బ్రేకు గొట్టముల చివరనున్న నిపులు వదులు చేయగానే నూనె చిమ్మినది, చక్రము విడిపడినది. అరగంట చల్లారనిచ్చి, తన వెంటనే నెమ్మదిగా దోర్నాల దాకా రమ్మన్నాడు. అక్కడ ఒక మేస్త్రి మాస్టరు సిలిండరు విప్పి లోపలి రబ్బరు కప్పులను మా అరచేతిలో పెట్టినాడు. నానబెట్టిన సెనగల వలె ఉబ్బియున్నవి. బ్రేకు నూనె బదులు ఏదో మినరల్ ఆయిలు పోసినారట. అది తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు నూనె వెనుకకు పోయే రంధ్రమును మూసివేస్తుంది. బ్రేకు పట్టినది పట్టినట్లే ఉంటుంది. ఆ వేడికి గొట్టములలో నూనె మరిగి, చివరకు పెడలులో పట్టు పోతుంది. పైగా కప్పులు డూప్లికేటువి. పెట్టె మీద మాత్రము మంచి కంపెనీ పేరు అచ్చుపడియున్నది.

మేస్త్రి మార్కాపురము పోయే బస్సు కండక్టరు చేతికి డబ్బు, చీటీ ఇచ్చినాడు. సాయంత్రపు బస్సులో కొత్త కిట్టు వచ్చినది. రాత్రి ఎనిమిది గంటలకు కారు సిద్ధము. మమ్ములను చంపబోయినది ఏ వ్యవస్థయో బ్రతికించినదీ అదే. ఎవరైనను చేయగల మరమ్మతు గనుకనే చేతగానివాడు కూడ చేసినాడు. ఎక్కడనైనను దొరికే భాగము గనుకనే నకిలీది కూడ పుట్టినది. ఆ మొదటి షెడ్డువానిని తరువాత నిలదీసినాము. ‘మీరే తక్కువలో చేయమన్నారు గదా!’ అన్నాడు. అది నిజమే.

1983 డిసెంబరు 14న గురుగాఁవ్‌లో మొదటి మారుతి కారు తాళములు యజమాని చేతికి వచ్చినవి. దానితో సర్వీసు పుస్తకము, గడువు ప్రకారము తనిఖీ, కంపెనీ గుర్తింపు గల వర్కుషాపు అనే పద్ధతులు సామాన్య గృహస్థునకు అలవాటైనవి. ప్రతి ఆదివారము బానెట్టు ఎత్తనక్కరలేని కారు ఉండునని అప్పుడు తెలిసినది. 2001లో ఆ కంపెనీయే పాత కార్లను పరీక్షించి అమ్మే దుకాణములు తెరచినది.

ఇంతలో కారు లోపలి స్వభావమే మారినది. 2000 ఏప్రిల్ నుండి పొగను గూర్చిన నిబంధనలు దేశమంతటా కఠినమైనవి. కార్బురేటరు పోయి, పెట్రోలును లెక్కగట్టి చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చినది. చెవి ఆనించి రోగము చెప్పే మేస్త్రికి ఇప్పుడు స్కానరు కావలె. ఆ స్కానరు, అసలు స్పేరు భాగములు బయటివారికి ఇవ్వకుండా కంపెనీలు తమ వద్దనే ఉంచుకొన్నవని ఫిర్యాదు పోగా, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ తీర్పు మీద అప్పీళ్ళు నడచినవి. ఆ సంవత్సరము మే నెలలోనే ఉత్తరపార కర్మాగారములో పని ఆగిపోయి అంబాసిడరు తయారీ ముగిసినది. 1953లో భాగములు దొరకక కార్లు అనాథలైనవి; ఈ తరములో భాగము ఉన్నను తాళము మరొకరి చేతిలో ఉండుటచేత అనాథలగుచున్నవి. పాత కారు మీద వ్యామోహము గలవారికి పన్ను కూడ బరువైనది. పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషను పొడిగింపునకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయినది.

మా అంబాసిడరును మేము అమ్మినది ఈ మార్పులన్నిటికీ ముందు, మారుతి కార్లు మా వీధిలోకి కొత్తగా వచ్చిన రోజులలో. అప్పటికది మూడవ బోరుకు వచ్చినది. ఉదయము చల్లని ఇంజను తీసినప్పుడల్లా వెనుక సన్నగా నీలిపొగ. బ్రోకరు ముందునాడు వచ్చి, ‘వారు వచ్చే ముందు ఒక పావుగంట తిప్పి ఉంచండి’ అని సలహా చెప్పినాడు. సిగ్గుపడుతూనే అట్లే చేసినాము. కొనేవారు ఆరు గంటలకు వచ్చినారు. వారి వెంట వచ్చిన ముసలి మేస్త్రి తాళము అడుగలేదు, తలుపు తీయలేదు. తిన్నగా పోయి బానెట్టు మీద అరచేయి ఆనించినాడు. కొంచెముసేపు ఉంచి, మా వైపు చూచి నవ్వి, తనవారితో, ‘పదండి, రేపు ఇంకా పెందలాడే వద్దాము’ అన్నాడు.