రంగం మేస్త్రి

ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా ప్రపంచీకరణ గొడవే. కంపెనీ ఒక దేశానిది, డబ్బు ఇంకో దేశానిది, పనిచేసేవాళ్ళు పది భాషలవాళ్ళు. వీళ్ళందర్నీ ఒక తాటిమీద నడపడానికి మేనేజిమెంటు చదువులట! మా పిఠాపురం చుట్టుపక్కల వాళ్ళకి ఇదేం కొత్త కాదండీ. పక్కనున్న కాకినాడలో స్టీమరెక్కి మనవాళ్ళు 'రంగం' పోయిన రోజుల్లోనే ఇదంతా జరిగింది. రంగమంటే రంగూనే.

1869లో సూయజ్ కాలువ తెరిచాక ఐరోపాకి దారి దగ్గరైంది. బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. మిల్లుల్లో, రేవులో బస్తాలు మొయ్యడానికి మనుషులు కావలసి వచ్చారు. మన కోస్తా జిల్లాల కూలీలు వెళ్ళారు. 1839 తుపానుకి కోరంగి రేవు పాడుపడినా పేరు మాత్రం బతికింది. మనవాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు, అదీ చులకనగా.

దొరకి తెలుగు రాదు, కూలీకి ఇంగ్లీషు రాదు. మధ్యన మేస్త్రి. ఊళ్ళోకొచ్చి అడ్వాన్సిచ్చేదీ, స్టీమరు చార్జీ పెట్టేదీ అతనే. అక్కడ జీతం అందుకుని, బాకీ మినహాయించుకుని, మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. నవల్లో అయితే ఇతన్నే విలన్ని చేసి చేతులు దులుపుకుందును. కానీ లాభమంతా మేస్త్రికే పోలేదు. కూలీ ఎవరో, ఏం తిన్నాడో తెలుసుకోనక్కర్లేకుండా ఓడ నిండితే చాలు కంపెనీకి. అంత సుఖమైన మేనేజిమెంటు ఇంకెక్కడుంటుంది?

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తీసుకున్నాయి. తీరా రాజీ కుదిరాక మనవాళ్ళని మళ్ళీ పిలిచి, వాళ్ళని పొమ్మన్నాయి. నాలుగు రోజులు బస్తాలు మోసినవాడు పొమ్మంటే పోతాడా? మే 26న మాటా మాటా పెరిగి, కర్రలూ కత్తులూ లేచాయి. అల్లర్లు ఊరంతా పాకాయి. వందమంది దాకా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. అంతకంటే చాలా ఎక్కువని చెప్పేవాళ్ళూ ఉన్నారు. దాన్ని తెలుగువాళ్ళకీ బర్మావాళ్ళకీ జాతివైరం అన్నారు. నాకైతే ఆ మాట మింగుడుపడదు. ఒక్క పనిని ఇద్దరికి చూపించిందెవరు? ఆ తర్వాతే బర్మావాళ్ళకి రేవు పనిలో వాటా కల్పించారు. ఆ బుద్ధి ముందే ఉంటే!

1942లో జపాను సైన్యం వస్తే లక్షలమంది భారతీయులు బర్మా వదిలి పారిపోయి వచ్చారు. చాలామంది అడవుల్లో, కొండదారుల్లో నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. మిగిలినవాళ్ళలో ఎందరో 1964లో అక్కడి ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఉందంటే అందుకే.

రంగం వెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళు. ఇప్పుడు గోదావరి జిల్లాలనుంచి ఆడవాళ్ళు కువైట్‌కీ, మస్కట్‌కీ ఇంటిపనికి వెళుతున్నారు. మొన్న అలా ప్రయాణమవుతున్న ఒకావిడని, "జీతం ఎవరిస్తారమ్మా?" అని అడిగాను. ఇంటి యజమాని పేరు చెప్పలేదావిడ. ఏజెంటు పేరు చెప్పింది.