బడికి ముందు బడి: పసిపిల్లలను పాఠశాలకు సిద్ధం చేస్తున్న స్థానిక సమాజం

దేశంలో 6 నుంచి 14 ఏళ్ల బాలబాలికలకు విద్య ప్రాథమిక హక్కు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, 2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ హామీ ఇచ్చాయి. అంతకంటే చిన్నపిల్లల విషయంలో చట్టం మాట అంత గట్టిగా లేదు. ఆరేళ్లలోపు వారి సంరక్షణకు, విద్యకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం నిర్దేశిస్తోంది. మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వాలు ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని మాత్రమే విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ పేర్కొంటోంది. ఈ కారణంగానే బడికి ముందున్న మూడేళ్ల బాధ్యతలో పెద్ద భాగం నేటికీ తల్లులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల భుజాలపై ఉంది.

సంసిద్ధత అంటే ఏమిటి?

తెలుగు ఇళ్లలో చదువు అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. అందువల్ల బడికి సిద్ధం కావడమంటే ముందుగానే అక్షరాలు, అంకెలు వచ్చి ఉండటమనే భావన బలంగా ఉంది. నిపుణులు చెప్పే సంసిద్ధత ఇంతకంటే విస్తృతమైనది. కొన్ని గంటలపాటు తల్లిని విడిచి ఉండగలగడం, చెప్పింది విని బదులివ్వడం, తన అవసరాన్ని మాటల్లో తెలపడం, తోటివారితో ఆడుకోవడం, బలపం పట్టుకునే పట్టు వేళ్లకు రావడం, వస్తువులను రంగు, పరిమాణాలను బట్టి వేరుచేయడం ఇందులో భాగాలు. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని జాతీయ విద్యావిధానం-2020 పేర్కొంది. ఈ అనుభవాలేవీ లేకుండా ఒకటో తరగతిలో చేరిన బిడ్డ తొలి రోజు నుంచే వెనుకబడే ప్రమాదం ఉంది. బడి భాష ఇంటి భాషకు భిన్నమైతే ఆ దూరం మరింత పెరుగుతుంది.

ముంగిట్లో మొదలైన ప్రయోగం

న్యాయవాద వృత్తిని విడిచిపెట్టిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరాన్ని ప్రారంభించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి ఈ విద్యను తీసుకెళ్లారు. బాల్యంలోనే వితంతువైన అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా నిలిచారు. పేద కుటుంబాల పిల్లలు బాలవాడికి రాలేకపోవడంతో బాలవాడే వారి వాడకు వెళ్లింది. ఇంటి ముంగిట నడిచే ఈ కేంద్రానికి అంగన్‌వాడీ అనే పేరు స్థిరపడింది. అంగణం అంటే ముంగిలి. ఖరీదైన మాంటిస్సోరి పరికరాల స్థానంలో గింజలు, ఆకులు, గులకరాళ్లు బోధన సామగ్రిగా మారాయి.

1957లో ఈ కృషి వార్లీ గిరిజనులు నివసించే కోస్‌బాడ్‌కు మారింది. తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకుని ఉండాల్సి రావడం వల్లే అక్కలు బడికి దూరమవుతున్నారని అక్కడ గుర్తించారు. శిశు సంరక్షణ కేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాలలను ఒకే ఆవరణలో నడపడం దీనికి పరిష్కారమైంది. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1985లో పద్మశ్రీ లభించాయి.

పల్లె నుంచి దేశవ్యాప్తంగా

1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి గ్రామాల్లో బాలవాడీలకు అండగా నిలిచింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేడు దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. సాధారణంగా 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం ఉండాలన్నది నిబంధన. స్థానిక మహిళే కార్యకర్త కావడం ఈ వ్యవస్థకు బలం. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రికార్డుల నిర్వహణతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఆమె బాధ్యతే. పని ఒత్తిడిలో మొదట కుదించుకుపోయేది ఆటపాటల చదువే. దీన్ని సరిదిద్దేందుకు కేంద్రం 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరిట కార్యకర్తలకు శిక్షణ చేపట్టింది.

ప్రభుత్వ కేంద్రాలు చేరని చోట స్వచ్ఛంద సంస్థలు ముందుకొచ్చాయి. భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం 1969లో ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ పని స్థలాల్లోనే సంరక్షణ కేంద్రాలు తెరిచింది. 1990వ దశకం మధ్యలో ముంబయి మురికివాడల్లో ప్రథమ్ సంస్థ బాలవాడీలను ఆరంభించింది. స్థానిక యువతులే బోధకులయ్యారు. ఇళ్లు, గుడి మండపాలు, ఖాళీ గదులు తరగతులయ్యాయి.

తల్లుల బృందాలు

కొవిడ్ కారణంగా మూతపడిన అంగన్‌వాడీలు, బడులు తిరిగి తెరుచుకునే నాటికి చాలామంది పిల్లలు పూర్వ ప్రాథమిక అనుభవం లేకుండానే ఒకటో తరగతికి చేరువయ్యారు. 2022లో మహారాష్ట్ర ‘పహిలే పావుల్’ అంటే ‘తొలి అడుగు’ పేరుతో గ్రామాల్లో సంసిద్ధత మేళాలు నిర్వహించింది. గెంతడం, కాగితం మడవడం, బొమ్మ చూసి కథ చెప్పడం, వస్తువులు లెక్కించడం వంటి పనులను పిల్లలు వేర్వేరు బల్లల వద్ద చేసి చూపారు. బిడ్డకు ఏది వచ్చో, ఏది సాధన చేయించాలో తల్లికి అక్కడే వివరించారు. ఆపై ఇరుగుపొరుగు తల్లులు బృందాలుగా ఏర్పడి, ఇంటి వస్తువులతోనే పిల్లలతో సాధన చేయించారు. మళ్లీ మేళా జరిపి పురోగతిని చూశారు. తల్లికి చదువు రాకపోయినా బిడ్డను సిద్ధం చేయగలదన్నది ఈ పద్ధతికి ఆధారం.

మిగిలిన లోటు

2021 జులైలో కేంద్రం ప్రారంభించిన ‘విద్యా ప్రవేశ్’ కింద ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటల ద్వారా బోధన సాగుతుంది. అయితే మూడు నెలల కార్యక్రమం మూడేళ్ల అనుభవానికి సాటి రాదు. సమాజం చొరవ చూపగలదు గానీ, గది, శిక్షణ, సముచిత వేతనం సమకూర్చాల్సింది ప్రభుత్వమే.

అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. ఇంట్లో పప్పు, బియ్యం గింజలు వేరు చేయించడం, పళ్లేలు లెక్కపెట్టించడం, నిద్రపోయే ముందు కథ చెప్పి ప్రశ్నలు అడగడం ఆ చదువుకు తోడ్పడతాయి.