నిశానీ నుంచి ఆధార్ దాకా: చిత్తూరు, తిరుపతి ప్రాంతాల సంక్షేమ పంపిణీలో వేలిముద్ర చరిత్ర

వ్యాససంగ్రహం:
ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పింఛను, ఉపాధి కూలి, వంటగ్యాసు రాయితీ, చౌకధరల బియ్యం వంటి ప్రయోజనాలు గత రెండు దశాబ్దాల్లో క్రమంగా శరీరచిహ్నాల ఆధారిత గుర్తింపుతో ముడిపడ్డాయి. ఈ వ్యాసం ఆ పరిణామాన్ని కాలక్రమంలో పరిశీలిస్తుంది. లబ్ధిదారుని హక్కును నిలబెట్టింది యంత్రం కచ్చితత్వం కాదనీ, యంత్రం విఫలమైనప్పుడు పాలనావ్యవస్థ తెరిచి ఉంచిన ప్రత్యామ్నాయ మార్గమేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వేలిముద్ర, నిశానీ, ఆధార్, పింఛను, నగదు బదిలీ, చిత్తూరు, తిరుపతి.

1. ప్రవేశిక:
తెలుగునాట సంతకం చేయలేనివారు దస్తావేజు చివర బొటనవేలి ముద్ర వేస్తే, లేఖరి దాని పక్కన ‘ఫలానా వారి నిశానీ’ అని రాయడం పరిపాటి. ‘వేలిముద్రగాడు’ అనే మాట నిరక్షరాస్యుణ్ణి తక్కువ చేసి చెప్పే పదంగా వాడుకలో స్థిరపడింది. 1990ల తొలినాళ్లలో చిత్తూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వేలిముద్ర స్థానంలో సంతకాన్ని నిలపడం ఒక లక్ష్యంగా పనిచేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు గడవకముందే, సంతకం నేర్చినవారూ నేర్వనివారూ అనే భేదం లేకుండా అందరూ ప్రభుత్వ ప్రయోజనం కోసం మళ్లీ వేలు చాచవలసి వచ్చింది. ఈ మార్పు వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరు అంచుకు నెట్టబడ్డారు అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లాగా అవతరించింది. మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలో చేరాయి. అంతకుముందు కాలానికి సంబంధించి ఈ వ్యాసంలో ‘చిత్తూరు జిల్లా’ అన్నప్పుడు ఉమ్మడి జిల్లాగానే గ్రహించాలి.

2. పింఛనుకూ వేలిముద్రకూ తొలి ముడి:
వేలిముద్రను నేరపరిశోధన సాధనంగానే చూడటం సాధారణం. కానీ భారతదేశంలో దాని తొలి పాలనాపరమైన ఉపయోగాల్లో పింఛను చెల్లింపు ఒకటి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒక ఒప్పందపత్రంపై గుత్తేదారు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఖైదీలతో పాటు దస్తావేజులు నమోదు చేయించుకునేవారి చేత, ప్రభుత్వ పింఛనుదారుల చేత వేలిముద్రలు వేయించాడు. చనిపోయినవారి పేరిట ఇతరులు పింఛను తీసుకోకుండా అడ్డుకోవడం అందులోని ఉద్దేశం. ముద్ర పుట్టుకలోనే ప్రజలపట్ల పాలకుల అనుమానం ఇమిడి ఉందన్నది గమనార్హం. పింఛను సరైన వ్యక్తికి చేరాలన్న న్యాయమైన ఆకాంక్ష కూడా దానితోనే కలిసి ఉంది. తరువాతి చరిత్ర అంతటా ఈ రెండూ జంటగానే కనిపిస్తాయి.

3. కార్డుల దశ (2005-2012):
ఆధార్‌కు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ మార్గంలో అడుగు పెట్టింది. ఒకే కుటుంబం పేరిట ఉన్న పలు కార్డులను, బోగస్ కార్డులను ఏరివేయడానికి 2005లో రేషన్‌కార్డుల కోసం కంటిపాప చిత్రాల సేకరణ మొదలైంది. 2006 జనవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు, బ్యాంకుల తరఫున ప్రతినిధులు గ్రామాల్లో లావాదేవీలు జరిపేందుకు అనుమతించింది. చిత్తూరు ప్రధానకేంద్రంగా సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఏర్పడిందీ అదే ఏడాది. శాఖ లేని పల్లెకు బ్యాంకు చేరాలంటే ఖాతాదారుని గుర్తించే చేతియంత్రం అవసరమైంది. ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపు కోసం రాష్ట్రం చేపట్టిన స్మార్ట్‌కార్డు పథకానికి ఇదే పునాది.

ఈ పథకాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఎనిమిది జిల్లాల్లో పరిశీలించి 2016లో ఫలితాలను ప్రకటించారు. చిత్తూరు ఆ ఎనిమిదింటిలో లేకపోయినా పొరుగున ఉన్న అనంతపురం, కడప, నెల్లూరు ఉన్నాయి. చెల్లింపులు త్వరపడ్డాయనీ, ఉపాధి కూలి దారిమళ్లడం తగ్గిందనీ, లబ్ధిదారులకు నష్టం కలగలేదనీ వారు తేల్చారు. అయితే రెండేళ్ల తరువాత కూడా కొత్త పద్ధతిలో జరిగిన చెల్లింపులు దాదాపు సగమే. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు కొనసాగింది. పథకం అసంపూర్ణంగా అమలవడమే పేదలకు రక్షణకవచమైందని ఈ ఫలితాలను బట్టి భావించవచ్చు.

4. ఒకే ద్వారం ఉన్నప్పుడు - 2013 వంటగ్యాసు అనుభవం:
2009లో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు పంపిణీ అయ్యాయి. 2013 జూన్ 1న వంటగ్యాసు రాయితీని నేరుగా బ్యాంకు ఖాతాలో జమచేసే పథకం దేశంలో ఎంపికచేసిన కొద్ది జిల్లాల్లోనే ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి అనంతపురం, తూర్పుగోదావరి, హైదరాబాద్, రంగారెడ్డిలతో పాటు చిత్తూరు అందులో ఉంది. మూడునెలల గడువు ముగిశాక ఆధార్ అనుసంధానం లేనివారు సిలిండరుకు పూర్తి మార్కెట్ ధర చెల్లించాలన్నది నిబంధన.

ఇక్కడ పాత దారి మూసుకుపోయింది. ఆధార్ సంఖ్య, గ్యాసు కనెక్షను, బ్యాంకు ఖాతా అనే మూడింటిలో ఏ ఒక్కటి సరిపోలకపోయినా రాయితీ ఆగిపోతుంది. 2013 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, ఆధార్ లేదన్న కారణంతో ఎవరూ నష్టపోరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2014 జనవరి చివర్లో కేంద్ర మంత్రివర్గం పథకాన్ని నిలిపివేసింది. దాన్ని సమీక్షించేందుకు ధాండే కమిటీ ఏర్పాటైంది. అదే ఏడాది నవంబరులో ‘పహల్’ పేరుతో పునఃప్రారంభమై 2015 జనవరి 1 నుంచి దేశమంతటికీ విస్తరించినప్పుడు, ఆధార్ లేనివారు బ్యాంకు ఖాతా వివరాలతోనే రాయితీ పొందే వీలు చేర్చారు. రెండో రూపంలో సాంకేతికత పెద్దగా మారలేదు. మారినది ఆధార్ లేనివారికి దొరికిన దారి.

5. అరిగిన వేళ్లు, అధికారి వేలు:
2015 నుంచి రాష్ట్రంలోని చౌకధరల దుకాణాల్లో ఈ-పాస్ యంత్రాలు ప్రవేశించాయి. వయసు పైబడినవారికీ, రాయితోనూ మట్టితోనూ పనిచేసేవారికీ వేలిరేఖలు అరిగిపోతాయి. కుప్పం గ్రానైటు, మెట్టపొలాల వేరుశనగ ఆధారంగా బతికే శ్రామికులున్న ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. జీవితమంతా కష్టించిన చేతినే యంత్రం గుర్తించకపోవడం ఇందులోని వైపరీత్యం.

ముద్ర సరిపోలనిచోట గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్రతో ధ్రువీకరించే వెసులుబాటును రాష్ట్రం కల్పించింది. 1984లో రద్దయిన కరణం, మునసబు వ్యవస్థల్లో గ్రామస్థుణ్ణి ముఖపరిచయంతో గుర్తుపట్టే అధికారం గ్రామోద్యోగిది. ఆ అధికారంలో పక్షపాతానికి చోటుండేది కాబట్టే నిష్పాక్షికమైన యంత్రం స్వాగతం పొందింది. కానీ యంత్రం ఆగినచోట మళ్లీ మనిషిని ఎరిగిన మనిషే అవసరమయ్యాడు.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు సంక్షేమ ప్రయోజనాలకు ఆధార్‌ను సమర్థించింది. బ్యాంకు ఖాతాలకు తప్పనిసరి అనుసంధానాన్ని కొట్టివేసింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ భిన్నాభిప్రాయం ప్రకటించారు.

6. గుమ్మం, బ్యాంకు (2020-2024):
2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటివద్దే వేలిముద్ర తీసుకుని పింఛను అందించారు. కొవిడ్ వ్యాపించినప్పుడు తాకిడి ప్రమాదకరమని ముద్రకు బదులు ఛాయాచిత్రంతో చెల్లించారు. అవసరమని ప్రభుత్వం తలచినప్పుడు ముద్ర లేకుండానే పంపిణీ సాధ్యమని దీనివల్ల రుజువైంది.

2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచింది. రాష్ట్రంలోని సుమారు 65 లక్షల పింఛన్లలో అధికభాగం మే నెలలో బ్యాంకు ఖాతాల్లో జమయ్యాయి. సొమ్ము ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకే చేరుతుంది. ఒకటికి మించి ఖాతాలున్న వృద్ధులు తమ డబ్బు ఏ బ్యాంకులో ఉందో తెలుసుకోవడానికి ఎండలో తిరగవలసి వచ్చింది. ఖాతా ఉండటం వేరు, బ్యాంకు అందుబాటులో ఉండటం వేరు అన్న సంగతి అప్పుడు తేటతెల్లమైంది. జులై 1 నుంచి సచివాలయ ఉద్యోగుల ద్వారా ఇంటివద్ద పంపిణీ పునరుద్ధరింపబడింది.

7. ముగింపు:
యంత్రం ‘ఇతడెవరు?’ అన్న ప్రశ్నకు మాత్రమే సమాధానమిస్తుంది. ‘ఇతడు అర్హుడా?’ అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. మొదటిదానికి జవాబు దొరకనప్పుడు రెండోదానికీ ‘కాదు’ అని రాసుకోవడం వల్లనే అన్యాయం జరుగుతుంది. స్మార్ట్‌కార్డు, వంటగ్యాసు, పింఛను అనుభవాలు మూడూ ఈ విషయాన్నే బలపరుస్తున్నాయి. కాబట్టి ఏ గుర్తింపు విధానాన్నయినా సరిపోలిన ముద్రల సంఖ్యతో అంచనా వేయడం చాలదు. ముద్ర సరిపోలక వెనుదిరిగినవారు ఆ నెలలోనే తమ ప్రయోజనాన్ని పొందగలిగారా అన్నదే అసలైన కొలమానం. తెలుగులో ‘గుర్తింపు’ అనే మాటకు ఆనవాలు పట్టడం, గౌరవించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. సంక్షేమవ్యవస్థ మొదటి అర్థంలో ఎంతో ముందుకు సాగింది. దాని పరిణతిని రెండో అర్థంలో పరీక్షించవలసి ఉంది.